తాత తుపాకి బిగుతు

సెప్టెంబర్ 26, ఆదివారం

ఫ్రీజర్‌లో ఆరు పొట్లాలు మిగిలాయి. నాలుగు ఖీమా, ఒకటి పులుసు ముక్కలు. ఆరోది దేనిదో తెలియదు, కాగితం మీద అమ్మ పెన్సిలుతో రాసింది చెరిగిపోయింది. నిరుడు ఈ రోజుల్లో కూడా ఫ్రీజర్ అడుగు కనిపించేది కాదు.

అమ్మ మూత వేసి దాని మీదే కూర్చుని చెప్పింది. ఈ చలికాలానికి మాంసం పడకపోతే క్రిస్మస్ లోపల స్పోకేన్ పట్నం వెళ్ళిపోదామని. అక్కడ పెద్దమ్మ ఇంట్లో మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. గిడ్డంగిలో నాన్నకి కాపలా పని చూస్తానని పెదనాన్న ఉత్తరం రాశాడు. అమ్మకి బడి వంటింట్లో వచ్చే జీతంతో ఇల్లు నడుస్తుంది కానీ మాంసం కొనుక్కుని తినేంతగా కాదు. ఒక ఎల్క్ దుప్పి పడితే వసంతం దాకా ఇక్కడే ఆగొచ్చు. వసంతంలో మిజూలాలో డాక్టరు నాన్న చెయ్యి మళ్ళీ చూస్తాడు. పట్టు వస్తే మిల్లులో పని ఉంటుంది.

నాన్న ఆగస్టులో రంపపు మిల్లులో దుంగకీ గొలుసుకీ మధ్య నలిగిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని రేడియో వింటున్నాడు. రేడియోలో గోధుమల ధరలు చెబుతున్నారు. మాకు గోధుమ చేను లేదు.

వేటకి నేను వెళ్తానన్నాను.

"తూటాలు లేవు" అన్నాడు.

ఈ రోజు మొత్తంలో ఆయన అన్న పెద్ద మాట అదే. ఆయన బాగానే ఉన్నాడు.

సెప్టెంబర్ 27

తూటాలు మూడు ఉన్నాయి. చూశాను.

అక్టోబర్ 2, శనివారం

కింది గదిలోకి దిగి తాత బల్ల మీద దుప్పటి తీశాను. ఆగస్టు నుంచి ఎవరూ దిగలేదు. తాత పోయి నాలుగేళ్ళయింది, ఆ తరవాత ప్రతి శరదృతువులోనూ నాన్నే ఇక్కడ కూర్చుని తూటాలు కట్టేవాడు. మాది ఏడు మిల్లీమీటర్ల మౌజర్ తుపాకి. ఆ రకం తూటా తాత కంటే పెద్దది వయసులో. ఊళ్ళో దుకాణంలో అడిగితే వాడు మ్యూజియానికి దారి చెబుతాడు. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ ఎవరి తూటాలు వాళ్ళే కట్టుకున్నారు. పేలిన ఇత్తడి డొల్లని పారెయ్యకుండా దాచి, కొత్త మందు పోసి, కొత్త గుండు బిగించి.

తాత పుస్తకం సొరుగులోనే ఉంది. ఎలా చెయ్యాలో మొదటి పేజీలోనే రాసి పెట్టాడు. డొల్లకి మెడ ఉంటుందట, భుజం ఉంటుందట, ఒళ్ళు ఉంటుందట. మనిషికి ఉన్నవన్నీ ఉన్నాయి, తల తప్ప. తల మనం పెట్టాలి. ఈ ఏడు మా టీచరు నచ్చిన మాటలన్నీ రాసుకోమన్నది. ఇవి రాసుకున్నాను.

రెండో పేజీ నుంచి అన్నీ గడులు. తేదీ, మందు తూకం, గుండు, చోటు, నడిచి లెక్కపెడితే ఎన్ని అడుగుల దూరం. చివరి గడిలో ఏం జరిగిందో రాయాలి. ఇరవై ఏళ్ళ పాటు తాత ఆ గడిలో ఒకే మాట రాశాడు, "చాలింది." ఒక్క యాభై రెండులో మాత్రం, "చాల్లేదు. రెండు రోజులు వెతికాం." తరవాత నాన్న దస్తూరీ. అక్కడా చాలింది, చాలింది.

ఎల్క్ ఎంత ఉందో, కొమ్ములెలా ఉన్నాయో, మంచు పడిందో లేదో, ఏమైనా రాయొచ్చు కదా. మా వంశంలో మాటలకి ఇంత కరువా.

అక్టోబర్ 3, ఆదివారం

బల్ల కింద రెండు డబ్బాల నిండా పేలిన డొల్లలు దొరికాయి. ఒకటి కాఫీ డబ్బా, ఒకటి పంది కొవ్వు డబ్బా. రెండూ ఒకే గిన్నెలో కుమ్మరించి వెనిగర్‌తో, ఉప్పుతో తోమాను. నలభై మూడు. ఆరబెట్టడానికి రొట్టెలు కాల్చే రేకు మీద వరసగా నిలబెట్టాను. పెళ్ళికి వచ్చిన బ్యాండు వాళ్ళలా ధగధగలాడుతూ నిలబడ్డాయి.

అమ్మ చూసి, బిస్కెట్లనుకుని మీ నాన్న కొరికితే పన్ను కూడా పోతుంది అంది. డబ్బాలు కడిగిస్తే సంతోషంగా తీసుకుని ఒకదాంట్లో సోడా ఉప్పు, ఒకదాంట్లో దాల్చినచెక్క పోసుకుంది.

నాన్న ఆ రేకు వైపు చూడలేదు. చెయ్యి నొప్పిగా ఉండి ఉంటుంది. మొత్తానికి బాగానే ఉన్నాడు.

అక్టోబర్ 9, శనివారం

వాగు ఎగువన ఐనార్ చిన్నతాత గుడిసెకి వెళ్ళాను. తాత తమ్ముడు. డెబ్బై ఎనిమిదేళ్ళు, రెండు కళ్ళకీ పొరలు, అయినా కంచర గాడిదకి లాడం తనే కొట్టుకుంటాడు. ఆయన గుడిసె దగ్గర ట్రక్కు పెట్టి, పైనున్న, కార్చిచ్చుకి కాలిన గట్టు దాకా నడవడానికి అడగాలని.

అడిగేసరికి చిన్నతాత బంగాళాదుంప రొట్టె మీద వెన్న రాస్తున్నవాడు ఆగి నా జేబులో ఉన్న ఈ డైరీని వేలితో పొడిచాడు.

"దీన్ని మోసుకునేనా వేటకి? ఎల్క్‌కి చదివి వినిపిస్తావా? నిద్రపోయాక వెళ్ళి చెవి పట్టుకుంటావా?"

నవ్వాడు. తరవాత సరేనన్నాడు. గుమ్మం మీద తన మౌజర్ వేలాడుతోంది. మా తుపాకీ అదీ యుద్ధం అయ్యాక ఒకే చెక్కపెట్టెలో పోస్టులో వచ్చాయి. అన్నదమ్ములిద్దరూ చెరొకటి తీసుకున్నారు. దాన్ని దించి నా చేతికిచ్చాడు. మాదానికీ దానికీ తేడా ఏమీ తెలియలేదు, అదే అన్నాను.

"చూపుకి తెలియదే పిల్లా. మీ తాతది బిగుతు, నాది వదులు. తుపాకుల సంగతే చెప్తున్నా. ఒక్క పెట్టెలో వచ్చినంత మాత్రాన ఒకడి చొక్కా ఇంకొకడికి పడుతుందా?"

ఎంత బాగుందో ఈ వాక్యం. ఇంటికొచ్చి అయిదుసార్లు చదువుకున్నాను. "బిగుతు", "వదులు" అని మనుషుల స్వభావాలకి వాడినట్టుగా వాడాడు. దీన్ని ఎప్పుడైనా ఒక కథలో పెట్టాలి.

అక్టోబర్ 13

డొల్లలన్నిటికీ మెడ సరిచేశాను. తాత పుస్తకంలో గీత గీసి మరీ రాశాడు: "మెడ మాత్రమే. ఒంటి జోలికి పోవద్దు." పోలేదు.

అక్టోబర్ 16, శనివారం

ఇరవై తూటాలు కట్టాను. నూట డెబ్బై అయిదు గ్రెయిన్ల తూకం గుండు, పొడుగ్గా, మొద్దు ముక్కుతో. మందు ఒక్కొక్కదానికీ విడిగా త్రాసులో తూచాను. త్రాసు ముల్లు నిలబడే దాకా ఊపిరి బిగబట్టుకున్నాను.

ఏడోది తూస్తున్నప్పుడు మెట్ల పైనుంచి నాన్న గొంతు వినిపించింది.

"కిటికీ మూసెయ్. గాలికి త్రాసు అబద్ధం చెబుతుంది."

తలెత్తితే మెట్ల మీద సాక్సు కాళ్ళు మాత్రం కనిపించాయి. కిందికి రండి అన్నాను. కాళ్ళు ఇంకాసేపు అక్కడే ఉన్నాయి. తరవాత లేవు.

అక్టోబర్ 17, ఆదివారం

అమ్మ ట్రక్కు నడిపింది, నాన్న పక్కన కూర్చున్నాడు. కంకర గొయ్యి దగ్గర ఎదురుగా మట్టి గట్టుకి కాగితం పెట్టి అయిదు కాల్చాను, వంద అడుగుల నుంచి. నాలుగు చిల్లుల్ని ఒక సాసరు కింద మూసేయొచ్చు. అయిదోది నా తప్పు, కళ్ళు మూసుకున్నాను.

నాన్న ట్రక్కు దిగలేదు. అద్దం కూడా దించలేదు. ఇంటికొచ్చాక సూపు తాగుతూ, భుజానికి ఇంకా గట్టిగా ఆనించుకో అన్నాడు. అంటే చూశాడన్నమాట.

ఒక తూటాకి బోల్ట్, అంటే తూటా కూర్చునే గదిని మూసే ఇనప గడియ, మూసుకోవడానికి కాస్త మొరాయించింది. బలంగా నొక్కితే మూసుకుంది. నూనె తక్కువైంది.

అక్టోబర్ 24, ఆదివారం

వేట మొదలు. కాలిన గట్టు దాకా ఎక్కాను. అడుగుజాడలు పాతవి. ఒక నక్క నన్ను చూసి ఆవులించింది.

అక్టోబర్ 31

లేదు.

నవంబర్ 7, ఆదివారం

ఇది రాయకూడదనుకున్నాను.

ఉదయం మంచు చీలమండల దాకా ఉంది. గాలి గట్టు మీంచి నా మొహానికే కొడుతోంది. కాలిన మోళ్ళ మధ్య ఒక పడిపోయిన పైన్ దుంగ వెనక కూర్చున్నాను. తొమ్మిది కావస్తుండగా చెట్లలోంచి మగ ఎల్క్ ఒకటి బయటికొచ్చింది. ఒంటరిగా. ముందు కొమ్ములొచ్చాయి, తరవాత మెడ, ఆ తరవాత చాలాసేపు ఒళ్ళు వస్తూనే ఉంది. మంచుని గిట్టతో గీరి గడ్డి తింటోంది. నూట పది అడుగులు, అంతకంటే ఉండదు. పక్కకి తిరిగి నిలబడింది.

నాన్న నేర్పిన ప్రకారం నడిచేటప్పుడు తుపాకి గది ఖాళీగా ఉంచుతాను. మోకాలి మీద కూర్చుని బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోశాను. తూటా లోపలికి వెళ్ళింది. బోల్ట్ పిడి కిందికి దించబోతే సగంలో ఆగింది.

నొక్కాను. ఆగింది. రెండు చేతులతో నొక్కాను. దిగలేదు. సరే ఇంకో తూటా పెడదామని వెనక్కి లాగితే అదీ రాలేదు. అరచేత్తో కొట్టాను.

ఇనుము మోగింది. ఎల్క్ తలెత్తింది. నన్ను చూడలేదు, ఆ చప్పుడు వచ్చిన వైపు చూసింది. నోట్లోంచి గడ్డిపరక ఒకటి వేలాడుతోంది. తరవాత అది లేదు. పరుగెత్తినట్టు కూడా అనిపించలేదు. అది నిలబడ్డ చోటు మాత్రం మిగిలింది.

ఇంకో నాలుగుసార్లు కొడితే బోల్ట్ ఊడి వచ్చింది.

కిందికి వచ్చాక చిన్నతాత ఏం చూశావని అడిగాడు. ఏం కనబడలేదన్నాను. అమ్మకీ అదే చెప్పాను. నాన్న అడగలేదు. నా అరచెయ్యి కమిలి ఉంది, జేబులో పెట్టుకునే అన్నం తిన్నాను. ఎడంచేత్తో తింటున్నానని నాన్న గమనించాడేమో. ఆయనకి ఇప్పుడు ఎడంచేతి సంగతి బాగా తెలుసు.

తుపాకి గదిలో మంచు పడి గడ్డకట్టి ఉంటుంది.

నవంబర్ 8

మంచే. దుంగ వెనక కూర్చున్నప్పుడు కొమ్మ మీంచి రాలింది, నాకు గుర్తుంది.

నవంబర్ 9

కొమ్మ లేదు. అది కాలిన మోడు.

అయినా మంచే.

నవంబర్ 14, ఆదివారం

తుఫాను. దారి మూసుకుపోయింది, వెళ్ళలేదు. వెళ్ళలేకపోయినందుకు నాకు బాధగా ఉంది. నిజంగానే బాధగా ఉంది.

ఫ్రీజర్‌లో రెండు పొట్లాలు. ఒక ఖీమా, ఆ పేరు తెలియనిది. అమ్మ బడి నుంచి అట్టపెట్టెలు తెచ్చి వరండాలో పేర్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. పెట్టెల మీద "పీచ్ పళ్ళు" అని రాసి ఉంది.

నవంబర్ 15, సోమవారం

మా టీచరు ఈ నెల రాసుకున్న వాటిలో అన్నిటికంటే నచ్చిన వాక్యం ఒకటి తెమ్మంది. ఏం తేవాలో ఆలోచించకుండానే అక్టోబర్ 9 తెరిచాను.

మీ తాతది బిగుతు, నాది వదులు.

అయిదుసార్లు చదివానని రాసుకున్నాను. ఆరోసారి చదివాను.

ఒకడి చొక్కా ఇంకొకడికి పడుతుందా.

రెండు డబ్బాలు.

నవంబర్ 16, మంగళవారం

నాన్న పొయ్యి పక్కన ఉన్నాడు. రేడియో ఆపేసి, ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని కూర్చుని మొత్తం చెప్పాను. ఎల్క్ సంగతి, బోల్ట్ సంగతి, అబద్ధం సంగతి. కమిలిన చెయ్యి కూడా తీసి చూపించాను. చెబుతున్నంతసేపూ ఆయన నా మొహం చూడలేదు, ఆ చేతినే చూశాడు.

"డబ్బాలేవీ?" అన్నాడు.

"అమ్మ సోడా ఉప్పు పోసుకుంది. ఇంకోదాంట్లో దాల్చినచెక్క."

"రెండూ కలిపేశావు."

"కలిపి తోమాను."

"తోమావు కూడా."

నాన్న భుజాలు కదిలాయి. మొదట ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. ఆగస్టు తరవాత ఇదే మొదటిసారి. అమ్మ వంటింట్లోంచి చెంచాతో సహా పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఆ రెండు డబ్బాలు ఎందుకొచ్చాయో తెలుసా? నా వల్ల. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మీ తాతవీ ఐనార్ బాబాయివీ డొల్లలు ఒకే సంచిలో పోసి కలిపేశాను, సాయం చేద్దామని. ఇద్దరికీ తూటాలు కట్టేది మీ తాతే కదా. గట్టు మీద తుపాకి బిగుసుకుపోయి తిట్టుకుంటూ దిగొచ్చాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తరవాతే బాబాయికి కొవ్వు డబ్బా, మనకి కాఫీ డబ్బా."

అని లేచి కింది గదికి దిగాడు. ఎడంచేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ. నేను పిలవలేదు.

బల్ల దగ్గర అంతా చెప్పాడు. తూటా పేలినప్పుడు డొల్ల ఉబ్బి ఆ తుపాకి గది ఎలా ఉంటే అలా తయారవుతుంది. ఆ తరవాత మెడ ఒక్కటే సరిచేస్తాం కనక ఒళ్ళు అలాగే ఉండిపోతుంది. తాత తుపాకిలో పేలింది చిన్నతాతదాంట్లో హాయిగా పడుతుంది. చిన్నతాతదాంట్లో ఉబ్బింది మనదాంట్లో పట్టదు. ఇత్తడి మరిచిపోదు అన్నాడు. ఈ మాట రాసుకోవాలనిపించింది. రాసుకునే లోపల అర్థమైందో లేదో చూసుకున్నాను.

బోల్ట్ విప్పి తూటాని పేల్చే సూది తీసేయమన్నాడు, అప్పుడు తూటా పెట్టినా పేలదు. తన ఎడంచెయ్యి, నా రెండు చేతులు. ఆయన చెప్పడం, నేను తిప్పడం. పెరట్లోకి వెళ్ళి తుపాకి గొట్టం కొండ వైపు పెట్టి, మిగిలిన పదిహేను తూటాలూ ఒక్కొక్కటే పెట్టి చూశాం. తొమ్మిదింటికి బోల్ట్ వేలితో దిగింది. ఆరింటికి దిగలేదు. ఆ ఆరింటినీ నాన్న తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇవి మా బాబాయివి" అన్నాడు.

భోజనానికి కూర్చునే ముందు అమ్మ సోడా ఉప్పు వేరే సీసాలో పోసి డబ్బా తుడిచి బల్ల మీద పెట్టింది. దాల్చినచెక్క డబ్బా కూడా తెచ్చిపెట్టింది.

నవంబర్ 21, ఆదివారం

నాన్న కూడా వచ్చాడు, చిన్నతాత గుడిసె దాకా. ఆరు తూటాలూ బల్ల మీద పెట్టి ఎలా వచ్చాయో చెప్పాడు. చిన్నతాత వాటిని ఒక్కొక్కటే వేళ్ళతో తడిమి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"వెనిగర్‌తో తోమావటే? నా డొల్లలకి ఊరగాయ పెట్టావా?"

నేను ఆయన మాటని అయిదుసార్లు చదివి ఆనందించానే కానీ వినలేదని చెప్పాను. ఆయనకి అది పెద్దగా అర్థం కాలేదు. "చదవడం దేనికే, నేనెదురుగానే ఉన్నాను కదా" అన్నాడు.

పైన ఆడ ఎల్కులు పదకొండు కనిపించాయి. నా దగ్గరున్న అనుమతి మగదానికే. కూర్చుని చూశాను. వాటి వీపుల మీద మంచు కరగకుండా అలాగే ఉంది.

ఇంక ఒక్క వారమే ఉంది. వచ్చే ఆదివారంతో వేట ముగుస్తుంది.

నవంబర్ 25, గురువారం

థాంక్స్ గివింగ్ పండగ. చిన్నతాత తన కోళ్ళలో ఒకదాన్ని తెచ్చాడు. అమ్మ ఆ పేరు తెలియని పొట్లం కరగబెట్టి విప్పింది. మాంసం కాదు, హకిల్‌బెర్రీ పళ్ళు. రెండేళ్ళ కిందట మేమందరం కాలిన గట్టు మీద ఏరినవి. నేను సెప్టెంబర్ నుంచి వాటిని మాంసం కింద లెక్కేస్తున్నాను.

అమ్మ వాటిని పిండిలో పొదిగి తీపి రొట్టె కాల్చింది. చిన్నతాత మీసాలన్నీ ఊదా రంగు. ఇంత తీపి మాంసం ఎన్నడూ తినలేదన్నాడు. ఫ్రీజర్ ఇప్పుడు పూర్తిగా ఖాళీ. అమ్మ తుడిచి మూత తెరిచి పెట్టింది. అట్టపెట్టెలు ఇంకా విప్పలేదు.

భోజనాలయ్యాక నాన్న వరండాలో తన మంచు బూట్లకి కొవ్వు రాస్తూ కనిపించాడు. ఒక బూటు తొడల మధ్య ఇరికించుకుని ఎడంచేత్తో. సాయం చేస్తానంటే, "నీవి తెచ్చుకో, అవీ రాస్తాను" అన్నాడు.

నవంబర్ 27, శనివారం

వరసగా రాస్తాను.

నాన్న ముందు నడిచాడు. నేను నడిచే దారి కాదు. కాలిన గట్టుకి వెళ్ళకుండా వాగు పక్క నుంచి చుట్టూ తిప్పి, చలికి ఎల్కులు ఎండ కోసం వచ్చే దక్షిణపు వాలు పైకి తీసుకెళ్ళాడు. మోకాళ్ళ దాకా మంచు. ఆయన అడుగుల్లో నేను అడుగులు వేశాను. తుపాకి నా భుజాన. ఆయన కుడిచెయ్యి అమ్మ అల్లిన గొట్టం లాంటి చేతి మేజోడులో, కోటు లోపల. ఒకచోట జారి పడ్డాడు. లేచి మంచు దులుపుకుని, మీ అమ్మకి చెప్పకు అన్నాడు.

పది గంటలకి వాలు అంచున నాన్న ఆగి మెల్లగా కూర్చున్నాడు. నేను పాకుతూ పక్కకి వెళ్ళాను. కింద చిన్న పొదల మధ్య మగ ఎల్క్ పడుకుని ఉంది. నవంబర్ 7 నాటిది కాదు, దానికంటే చిన్నది, ఒక కొమ్మున కొస విరిగింది. ఎండకి కళ్ళు మూసుకుని నెమరువేస్తోంది.

లేచే దాకా ఆగాలి. ఆగాం. ఎంతసేపో తెలియదు. నా గడ్డం కింద మంచు కరిగి మెడలోకి కారింది. నాన్న నా చెవి దగ్గర అన్నది ఒక్కటే మాట.

"తొందరేం లేదు."

మూడు నెలలుగా మా ఇంట్లో అందరికీ అన్నిటికీ తొందరే.

అది లేచింది. వెనక కాళ్ళు ముందు లేచాయి. ఒళ్ళు దులుపుకుంది. నేను బోల్ట్ ముందుకి తోసి పిడి దించాను. దిగింది. వెన్నలో చెంచా దిగినట్టు, చప్పుడు లేకుండా. అది పక్కకి తిరిగింది. ముందు కాలి వెనక, ఒంటిలో మూడోవంతు ఎత్తున గురిపెట్టి కాల్చాను. కళ్ళు మూసుకోలేదు.

ఎల్క్ నాలుగు అడుగులు నడిచింది. అయిదో అడుగు ఎటు వెయ్యాలో తెలియనట్టు ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుంది, తరవాత పక్కకి ఒరిగింది. అంతే.

నాన్న కాసేపు కదలనివ్వలేదు. తరవాత దిగుతూ గట్టిగా అడుగులు లెక్కపెట్టాడు. తొంభై ఆరు. దాని పక్కన టోపీ తీశాడు. నేనూ తీశాను. ఇంకా వెచ్చగా ఉంది. మెడ మీద బొచ్చు రంగు ఏమిటో చెప్పడానికి ఆరు మాటలు ఆలోచించాను, ఒక్కటీ సరిపోలేదు. నాకు ఏడుపొచ్చింది. రానీ అన్నాడు నాన్న.

కోసేటప్పుడు వెనక కాలు ఎత్తి పట్టుకోవాలి. నేను కత్తి తిప్పుతుంటే కాలు జారిపోతోంది. నాన్న ముందు ఎడంచేత్తో పట్టుకున్నాడు. బరువు ఆగలేదు. మేజోడు పళ్ళతో లాగేసి కుడిచెయ్యి కూడా వేశాడు. రెండు వేళ్ళు ముడుచుకోలేదు. మూడు ముడుచుకున్నాయి. కాలు ఆగింది. కొయ్యడం నెమ్మదిగా కొనసాగించాను.

మధ్యాహ్నానికి చిన్నతాత గాడిదతో వచ్చాడు. కాల్చిన చప్పుడు విన్నాడట. ఒక్కటే వినిపించిందన్నాడు. ఇంకోటి వినిపిస్తుందేమోనని కాఫీ చల్లారేదాకా గుమ్మంలో నిలబడ్డాడట. వినిపించకపోయేసరికి జీను కట్టాడు.

"మీ తాతలాగే కొట్టావు" అన్నాడు. "ఆయన కంటే ఎక్కువ మాట్లాడతావు, అంతే తేడా."

గాడిద రెండుసార్లు దిగింది, రెండుసార్లు ఎక్కింది. వెనక కాలు ఒకటి చిన్నతాత గుడిసెలో దించాం.

నవంబర్ 28, ఆదివారం

రోజంతా వంటిల్లే. అమ్మ అట్టపెట్టెలన్నీ విప్పి చదును చేసి నేలంతా పరిచింది, రక్తం అంటకుండా. "పీచ్ పళ్ళు" మీద మోకాళ్ళేసుకుని కాగితాలు చించింది. నేను కోశాను, నాన్న చుట్టాడు, ఒక చేత్తో చుట్టి మోచేత్తో అదిమి. అమ్మ పేర్లు రాసింది. ఈసారి పెన్సిలుతో కాదు, చెరగని సిరాతో. పొట్లాలు నూటొకటి. ఫ్రీజర్ మూత మీద అమ్మ మళ్ళీ కూర్చుంది, అది మూసుకోవాలంటే కూర్చోవాల్సి వచ్చింది. అక్కడ నుంచే పెద్దమ్మకి ఉత్తరం ఏం రాయాలో నాకు చెప్పింది. పైగదులు ఎవరికైనా ఇచ్చేసుకోమని, మేము ఎండాకాలంలో చూడటానికి వస్తామని.

తరవాత నాన్న తాత పుస్తకం తెమ్మన్నాడు. కింద నుంచి తెచ్చాను. నిన్న పేలిన డొల్ల నా జేబులోనే ఉంది, దాన్ని కాఫీ డబ్బాలో వేసి మరీ వచ్చాను. టిక్కుమని ఒక చిన్న చప్పుడు.

తేదీ నన్నే రాయమన్నాడు. మందు తూకం, గుండు, చోటు నేనే రాశాను. అడుగులు, తొంభై ఆరు. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి ఏం రాయాలా అని పెన్సిలు కొరుకుతున్నాను. ఎన్ని మాటలున్నాయో. విరిగిన కొమ్ము, ఎండ, వెన్నలా దిగిన బోల్ట్, నాన్న మూడు వేళ్ళు.

"ఇటివ్వు" అన్నాడు.

పెన్సిలు కుడిచేతిలో పెట్టుకున్నాడు. జారింది. మళ్ళీ పెట్టుకున్నాడు. ఎడంచేత్తో వేళ్ళని ఒక్కొక్కటే దాని చుట్టూ మూశాడు. అమ్మ ఫ్రీజర్ మీంచి లేవలేదు, గిన్నెలో నీళ్ళు మరుగుతున్నా ఎవరూ కదల్లేదు. ఒక్క మాటకి చాలా సేపు పట్టింది. అక్షరాల్లో ఒకటి కొండెక్కింది, ఒకటి లోయలో పడింది.

పుస్తకం మా వైపు తిప్పాడు.

చాలింది.

చివరి అక్షరం గడి పట్టక గీత దాటి అంచు దాకా వెళ్ళింది.